సువార్తమ్మ గారి చేతులు

మొన్న సాయంత్రం డ్యూటీ దిగి స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర వాన అందుకుంది. ఫ్లైఓవర్ కింద ఆగిన జనంలో నేనూ ఆగి, సీటు కింది అరలోంచి రెయిన్‌కోటు తీసి తొడుక్కున్నాను. కొత్తది, ఇంకా మడతలు విడలేదు. గొంతు దాకా జిప్పు లాగి, హెల్మెట్ అద్దం దించిన క్షణంలో హారన్లూ, వాన చప్పుడూ, పక్కనున్నవాళ్ళ మాటలూ అన్నీ ఒక్కసారిగా దూరం జరిగాయి. దగ్గరగా మిగిలింది నా ఊపిరి ఒక్కటే. అద్దం కింది అంచు నుంచి పైకి ఆవిరి పట్టింది. ప్లాస్టిక్ వాసన, దాని లోపల వేడెక్కుతున్న శ్వాస, వెన్ను మీద సన్నగా జారుతున్న చెమట. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసుకున్నాను. నాడి వేగంగా ఉంది, లయ మాత్రం తప్పలేదు. కోటు విప్పి మడిచి అరలో పెట్టేసి, తడుస్తూనే ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా నా మనసులో ఉన్నది సువార్తమ్మ గారు.

నేను ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుని, కొన్నేళ్ళుగా ఆ విభాగానికి ఇన్‌ఛార్జిని. నాకు ముందు ఆ కుర్చీ సువార్తమ్మ గారిది. కుర్చీ అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ ఆవిడ అందులో కూర్చోగా నేను చూసింది తక్కువ. పొట్టి మనిషి. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు, రోగి చెయ్యి వదలకుండానే టైము చూసుకోవడానికి. పుట్టింది దివిసీమలో. భర్త థర్మల్ స్టేషనులో పనిచేసి గుండెజబ్బుతో పోయాక, ఇబ్రహీంపట్నంలో ఒక చిన్న పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆసుపత్రి. ఆవిడ జీవితం గురించి నాకు మొదట తెలిసినది ఇంతే, ఆవిడ చెప్పదలుచుకున్నదీ అంతే.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నన్ను ఊరు అడిగారు. మాది కూచిపూడి పక్కన పల్లె అని, వ్యవసాయ కుటుంబమని చెప్పాను.

"కూచిపూడి పక్కనా? డాన్సొచ్చా?"

"రాదు సిస్టర్."

"మంచిదే. ఇక్కడ కాళ్ళతో పెద్ద పని లేదు, వేళ్ళు కావాలి. ఇట్టా రా," అని తన చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి నా ముందు పెట్టారు. సెలైనూ మందులూ ఎక్కించడానికి చేతి నరంలోకి పంపే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని క్యాన్యులా అంటారు. శాస్త్రప్రకారం అది వెళ్ళేది సిరలోకి, వార్డులో మేమంతా నరమనే అంటాం. కాలేజీలో బొమ్మ చెయ్యి మీద దాన్ని ఎన్నోసార్లు వేసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆవిడ నన్ను కళ్ళు మూసుకోమన్నారు.

"నీలంగా కనపడిందల్లా నరం అనుకోకు. వేలితో నొక్కు. లోపలికి పోయి మళ్ళీ పైకి లేవాలి. లేచిందా?"

"లేవలేదు సిస్టర్. గట్టిగా ఉంది."

"అది కండని లాగే తాడే పిల్లా. దాన్ని పొడిచావంటే రోగి లేచి నీ చెంప పొడుస్తాడు. పక్కకి జరుపు."

ఆ వారమంతా వీలు చిక్కినప్పుడల్లా కళ్ళు మూసుకుని వార్డులో అందరి చేతులూ తడిమాను. ఝాన్సీ అని నాకంటే ఒక ఏడాది సీనియర్ ఉండేది, నోరు ఊరుకోదు. "ఇదేదో జాతకాలు చెప్పే పిల్లలా ఉంది సిస్టర్, నాకెప్పుడు ఇంక్రిమెంటొస్తుందో చెప్పమనండి," అని తన చెయ్యి చాపింది. సువార్తమ్మ గారి వేళ్ళకి మా ఆసుపత్రిలో పేరుండేది. పై అంతస్తుల్లో ఎవరికీ నరం దొరకని రోగి ఉంటే కిందికి ఫోను వచ్చేది. ముడతలు పడిన ముసలి చేతులైనా, నీరు పట్టిన చేతులైనా, ఆవిడ తల పక్కకి తిప్పుకుని ఎటో చూస్తూ వేలితో వెతికేవారు, రేడియోలో స్టేషను పట్టుకుంటున్న మనిషిలాగా.

షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి రోగుల్ని ఒప్పజెప్పడం ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నదే. మంచం వారీగా నాలుగు సంగతులు చెప్పాలి: పరిస్థితి ఏమిటి, ఏం నడుస్తోంది, ఏం ఇవ్వాల్సి ఉంది, ఏం కనిపెట్టి ఉండాలి. మా విభాగంలో దానికి ఇంకొకటి చేర్చారావిడ. చివరి మంచం అయిపోయాక ఎక్కే షిఫ్టు వైపు తిరిగి, "ఇక మీ సంగతి?" అనేవారు. అది పరామర్శ కాదు, పని పంపకానికి కావలసిన సమాచారం. నడుం పట్టేసినవాళ్ళని స్ట్రెచర్ల దగ్గర పెట్టేవారు కాదు, జ్వరం తగిలినవాళ్ళని పసిపిల్లల దగ్గరికి పంపేవారు కాదు. "మా అత్తగారి ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది సిస్టర్, నా జబ్బదే," అనేది ఝాన్సీ. "దానికి మన దగ్గర మందు లేదు, ఓర్చుకో," అని ఆవిడ ముందుకు వెళ్ళిపోయేవారు. ఈ ప్రశ్న ఆవిడని ఎవరైనా అడిగారా అన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఇన్‌ఛార్జి అడిగే మనిషి, చెప్పే మనిషి కాదు. ఆ ఏర్పాటులో ఉన్న లోపం మామూలు రోజుల్లో కనపడేది కాదు.

తర్వాత మహమ్మారి వచ్చింది. మొదటి విడతలో మాకు భయం ఉండేది. రెండో విడత నాటికి భయానికి కూడా ఓపిక లేకపోయింది. మా విభాగంలో మంచాలు నిండి, వరండాలో స్ట్రెచర్లు వేశారు. బయట ఆటోల్లోనూ కార్లలోనూ జనం ఎదురుచూసేవారు. మేము తల నుంచి పాదాల దాకా కప్పే కిట్టు వేసుకునేవాళ్ళం. రెండు జతల గ్లౌజులు, వాటి అంచులకి టేపు, మాస్కు మీద మాస్కు, దాని మీద అద్దం. అందరం ఒకేలా ఉండేవాళ్ళం కనుక వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్ళం. ఒకసారి ఝాన్సీ సువార్తమ్మ గారి వీపు మీద పేరు బదులు "బామ్మ" అని రాసింది. ఆ షిఫ్టంతా రోగులు "బామ్మగారూ, నీళ్ళు" అని పిలుస్తుంటే ఆవిడ అర్థం కాక పలుకుతూనే ఉన్నారు. కిట్టు విప్పాక చదువుకుని, "నీ మొగుడికంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని, అంతేనే! బామ్మనా?" అన్నారు. ఆ రెండో విడతలో మేము నవ్విన సందర్భంగా నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇళ్ళకు పోకూడదని ఆసుపత్రివాళ్ళు బస్టాండు దగ్గర ఒక హోటలు తీసుకుని, ఒక్కొక్కరికి ఒక్కో గది ఇచ్చారు. భోజనం పొట్లం తలుపు బయట పెట్టి, తలుపు కొట్టి వెళ్ళిపోయేవారు. తెరిచేసరికి వరండా ఖాళీగా ఉండేది. అమ్మ ఫోను చేసి "తిన్నావా?" అని అడిగేది, "తిన్నాను" అనేదాన్ని. పగలంతా ఎందరి మధ్యనో తిరిగిన మనిషికి ఆ గదిలోకి వచ్చాక, తన ముఖం ఎవరూ చూడలేదన్న సంగతి తట్టేది. నిజంగానే ఎవరూ చూడలేదు. రోగులు చూసింది ఆవిరి పట్టిన అద్దాన్ని.

నాకు ఒక లక్షణం మొదలైంది. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే యంత్రం ప్రతి గుండెచప్పుడుకీ ఒక మోత ఇస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ ఆ మోత స్థాయి దిగుతుంది. తెర వైపు చూడకుండానే నర్సుకి తెలియాలని చేసిన తెలివైన ఏర్పాటు అది. ఆ వార్డులో ఒకేసారి ఎన్నో మోతలు దిగుతూ ఉండేవి. కొన్నాళ్ళకి, స్థాయి దిగే శబ్దం ఏదైనా సరే నా అరచేతుల్ని చల్లబరచడం మొదలుపెట్టింది. హోటలు గదిలో ఫ్యాను ఆపితే దాని రొద నెమ్మదిగా దిగుతుంది కదా, ఆ కొద్దిసేపు నాకు ఊపిరి అందేది కాదు. అందుకని ఫ్యాను ఆపడం మానేశాను. గదికి తాళం వేసి డ్యూటీకి వెళ్ళినా అది లోపల తిరుగుతూనే ఉండేది. ఇది ఎవరికీ చెప్పలేదు. సువార్తమ్మ గారు రోజూ "మీ సంగతి?" అని అడుగుతూనే ఉన్నారు. మేమంతా ఒకే జవాబు ఇచ్చేవాళ్ళం: "బాగానే ఉన్నాం సిస్టర్."

ఆవిడలో మార్పు నేను గమనించాను గానీ దానికి తప్పు అర్థం చెప్పుకున్నాను. క్యాన్యులా ట్రే చేతికిస్తే "నువ్వెయ్యి, నీకు అలవాటవ్వాలిగా," అని నాకే తిరిగి ఇచ్చేవారు. నా మీద నమ్మకం పెరిగిందనుకున్నాను. పై అంతస్తు నుంచి ఫోను వస్తే ఝాన్సీని పంపేవారు. నిలబడి మాట్లాడేటప్పుడు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకునేవారు.

ఒక ఉదయం, కిట్లు వేసుకునే గది బయట వరండాలో షిఫ్టు మారుతోంది. ఆఖరి మంచం ఒప్పజెప్పడం అయింది. ఆవిడ మా వైపు తిరిగి ఎప్పటిలాగే అడిగారు, మేము ఎప్పటిలాగే బాగానే ఉన్నామన్నాం. ఆవిడ కదల్లేదు.

"సరే. ఇప్పుడు నా సంగతి," అన్నారు. రోగి మంచం పక్కన నిలబడి చెప్పే గొంతే, ఎక్కువా తక్కువా కాదు. "బీపీ ఉంది, మందులతో అదుపులో ఉంది. షుగరు లేదు. నెల పైనుంచి నిద్ర సరిగ్గా లేదు. గ్లౌజు తొడగ్గానే గుండెదడ మొదలై, కుడి చెయ్యి వణుకుతోంది. ఇంట్లో వణకదు, ఇక్కడే. డాక్టరుకి చూపించుకున్నా. లోపల జబ్బేం లేదు, ఆందోళన అన్నారు. నిన్న పదకొండో మంచం పెద్దాయన్ని అనవసరంగా పొడిచా. ఆయన పాపం 'పర్లేదమ్మా' అన్నాడు. ఇవాళ్టి నుంచి క్యాన్యులాలు నేను వెయ్యను. నా చేతి మీద ఎవరూ ఆధారపడొద్దు. మిగతా పనంతా చేస్తా. ఇక కనిపెట్టి ఉండాల్సింది: నేను మర్చిపోయి ట్రే అందుకున్నాననుకో, లాగేసుకోండి."

ఝాన్సీ, "సిస్టర్, మీరే ఇట్టా అంటే మేమేమైపోవాలి?" అంది. హాస్యంగానే అనబోయింది గానీ అది హాస్యం కాలేదు.

"మీరేమైపోతున్నారో నాకు తెలియట్లేదనేగా చెప్తున్నా. రోజూ అడుగుతున్నా, ఒక్కరన్నా చెప్తున్నారా?"

అప్పుడు ఝాన్సీ చెప్పింది. మందు ఇచ్చానో లేదో గుర్తుండటం లేదట. ఇచ్చి, కాగితం మీద రాసి, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, ఖాళీ సిరంజి చూసుకుని, అది ఈ రోగిదేనా అని మళ్ళీ అనుమానపడుతోందట. "రోగినే అడిగా సిస్టర్, ఇందాక నీకు మందిచ్చానా అని. ఆయనకి ఊపిరే ఆడట్లేదు, ఏం చెప్తాడు?" అని ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత నేను ఫ్యాను సంగతి చెప్పాను. పైకి చెబుతుంటే అది ఎంత చిన్న విషయంగా వినిపించిందో! అయినా ఎవరూ నవ్వలేదు.

"గదిలో నీకు తోడెవరన్నా ఉన్నారా?" అని అడిగారు సువార్తమ్మ గారు.

"ఎవరూ లేరు సిస్టర్."

"ఎవరికీ ఎవరూ లేర్లే," అంది ఝాన్సీ.

ఆవిడ ఓదార్చలేదు. పని మార్చారు. ఆ రోజు నుంచి మందులు ఇద్దరిద్దరుగా ఇచ్చాం, ఒకరు తీస్తే ఒకరు పైకి చదవాలి. మోతలు దిగే యంత్రాలు ఎక్కువగా ఉన్న వరస నుంచి నన్ను వరండా స్ట్రెచర్ల దగ్గరికి మార్చారు. చనిపోయేవాళ్ళ సంఖ్య దీనివల్ల తగ్గిందని నేను చెప్పలేను, అలా చెప్పడానికి ఆధారం లేదు. ఝాన్సీ మాత్రం ఖాళీ సిరంజిల కోసం వెనక్కి రావడం మానేసింది.

వారం తిరక్కముందే, నర్సులందరికీ పైఅధికారి అయిన మేట్రన్ మేడమ్ సువార్తమ్మ గారిని పిలిపించారు, నన్ను కూడా రమ్మన్నారు. మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆవిడ ముక్కు మీదా మాస్కు ఒరుసుకున్న పుండు ఉంది.

"నిజం చెప్పడం మంచిదే సువార్తా. కానీ అందరి ముందూనా?"

"అందరికీ తెలియాల్సిన సంగతి కదండీ మేడమ్."

"రేపు ఏ రోగి తాలూకు వాళ్ళో వింటారు. చేతులు వణికే సిస్టర్‌ని ఎమర్జెన్సీలో పెట్టుకున్నారంటారు. నేనేం చెప్పను? కొన్నాళ్ళు లినెన్ గదిలో దుప్పట్ల పని చూసుకో, విశ్రాంతిగా ఉంటుంది. ప్రసన్న చూస్తుందిలే ఇక్కడ," అని నన్ను చూపించారు.

సువార్తమ్మ గారు వాదించలేదు. "ఈ అమ్మాయికి వారానికొక రోజు సెలవు ఖాయంగా ఇప్పించండి మేడమ్," అని మాత్రం అన్నారు. బయటికి వచ్చాక గడియారాన్ని మణికట్టు పైకి తిప్పుకున్నారు, ఇక రోగి చెయ్యి పట్టుకునే పని లేదు కనుక. "కుర్చీ ఎవరికీ ఇవ్వకు. చెయ్యి కుదుటపడగానే వచ్చేస్తా," అని మెట్లు దిగి వెళ్ళారు.

మర్నాడు ఆవిడ స్థానంలో నిలబడి "మీ సంగతి?" అని అడిగాను. అందరూ నన్ను చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. సంగతి చెప్పిన మనిషి ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. "బాగానే ఉన్నాం," అన్నారు. అప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది, ఆవిడ తిరిగి రావడం ఆవిడ ఒక్కరి విషయం కాదని. ఆవిడ వెనక్కి వచ్చి ఆ వరండాలో నిలబడితే, చెప్పినా ఏమీ కాదని తేలుతుంది. రాకపోతే ఆ ప్రశ్న ఒట్టి మాటగా మిగిలిపోతుంది.

లినెన్ గది ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. బ్లీచింగు వాసన, ఆరబెట్టే యంత్రాల వేడి. భోజన విరామంలో నేను దిగి వెళ్ళేదాన్ని. ఆవిడ దుప్పట్లు మడుస్తూ, గుమ్మం అవతలే నిలబడమనేవారు. అక్కడ ఆవిడ చేతులు వణకడం నేను చూడలేదు.

"ఇక్కడ బాగుందా సిస్టర్?"

"ఏం బాగు? ఇక్కడ ఎవరూ చావరు, దుప్పట్లు దిగొస్తాయి. దుప్పటి చూస్తే చాలు, పైన ఏం జరిగిందో తెలిసిపోద్ది. ఎవరన్నదే తెలియదు." కొంచెం ఆగి, "పదకొండో మంచం పెద్దాయన?" అన్నారు.

"ఇంటికి వెళ్ళారు సిస్టర్. నడుచుకుంటూనే."

ఆవిడ ఆ దుప్పటిని విప్పి, మళ్ళీ మడిచారు.

ఎవరో ఆవిడకి 'వణుకు సిస్టర్' అని పేరు పెట్టారు. అది ఆవిడ చెవిన పడిందనే అనుకుంటాను. రెండో విడత తగ్గాక ఆసుపత్రివాళ్ళు నర్సులందరికీ సన్మానం చేశారు. లినెన్ విభాగం తరఫున ఆవిడకీ శాలువా కప్పారు. "ఉక్కతో చస్తుంటే శాలువా ఏంటే? మిగిలిన కిట్లేమన్నా ఉంటే అవి కూడా కప్పమను," అన్నారు నా చెవిలో. ఫొటోలో ఆవిడ ఒక చివర ఉన్నారు, కుడి చెయ్యి శాలువా లోపల ఉంది.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చి, గుమ్మం ముందు క్రోటన్ మొక్కల ఆకుల్ని తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడుస్తున్నారు. గుడ్డ మీదికి థర్మల్ స్టేషను నుంచి వచ్చిపడే సన్నని బూడిద దిగుతోంది. "రోజూ తుడవాలి, రోజూ పడుద్ది," అన్నారు. రొయ్యల వేపుడు పెట్టి, నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఆ ఇంట్లో రెండో కంచం చాలాకాలంగా వాడకంలో లేదని, వడ్డించే ముందు ఆవిడ దాన్ని రెండుసార్లు కడగడం చూసి తెలుసుకున్నాను.

భోజనమయ్యాక బల్ల మీద ఒక ఏర్పాటు చూపించారు. సెలైను గొట్టంలో నీళ్ళు నింపి, రెండు చివరలూ బిగించి, దాని మీద మెత్తని తోలుగుడ్డ కప్పి ఉంచారు. నా ముందే కళ్ళు మూసుకుని, వేలితో వెతికి, సూది దించారు. సరిగ్గా గొట్టంలోకే దిగింది. వణుకు లేదు.

"వచ్చేసింది సిస్టర్!" అన్నాను.

"దీని మీద వస్తది. దీనికి నొప్పి లేదుగా."

"అయితే నా చెయ్యి తీసుకోండి."

ఆవిడ వద్దనలేదు. ఆ రోజు కోసమే నన్ను రానిచ్చారేమో. చేతులు కడుక్కుని, రబ్బరు పట్టీ నా ఎడమ చేతికి కట్టి, గ్లౌజు తొడుక్కున్నారు. గ్లౌజు మణికట్టు దాటగానే మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత చెయ్యంతా. ఆవిడ దాన్ని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశారు. అయినా వేశారు. మొదటిసారి పక్కకి పోయింది. రెండోసారి నరం గోడ చీరుకుని, చర్మం కింద ఉబ్బు లేచింది. మూడోసారి సూది కొన నా చర్మాన్ని తాకి ఆగిపోయింది. ఆవిడ పైపెదవి మీద చెమట పట్టింది.

"అంత నరమే! బందరు కాలవంత ఉంది," అని సూది పక్కన పెట్టి, దూది అదిమి పట్టుకున్నారు. "చాలు."

"ఇంకొక్కసారి సిస్టర్. నాకు నొప్పి లేదు."

"పర్లేదని పదకొండో మంచం ఆయన కూడా అన్నాడు. చాలు ప్రసన్నా. ఈ చెయ్యి వస్తే రావచ్చు, రాకపోతే రాదు. నేనింక వార్డుకి రాను."

క్యాన్యులా వెయ్యకపోతేనేం, చెయ్యడానికి బోలెడు పని ఉందన్నాను. మీరు రాకపోతే ఎవరూ ఏమీ చెప్పరన్నాను. కోపంగానే అన్నాను.

"నేనొస్తే అందరూ చూసేది ఈ చేతినే," అన్నారు. "మేడమ్ చూస్తది, రోగులు చూస్తారు, మీరు చూడనట్టు చూస్తారు. నేనూ దీన్నే చూసుకుంటా కూచుంటా. ఇక రోగిని చూసేదెవరు?" దూది కింద నా చేతిని వేలితో నెమ్మదిగా తడిమారు. "నువ్వు రోజూ అడుగుతున్నావా?"

"అడుగుతున్నా. బాగానే ఉన్నాం అంటున్నారు."

"నీ సంగతి నువ్వు చెప్తున్నావా?"

ఆవిడ చేతిలోంచి దూది తీసుకుని నేనే అదిమి పట్టుకున్నాను.

"ఇన్‌ఛార్జిని ఎవరూ అడగరు. ఆ కుర్చీకి ఉన్న జబ్బు అదే. వాళ్ళు అడుగుతారని నేను ఆగా. ఆగీ ఆగీ, చెయ్యి పోయాక చెప్పా. అప్పటికి అది రోగమైంది. నువ్వు ముందు చెప్పు. అది చిన్నదిగా ఉన్నప్పుడే చెప్పు, ఫ్యాను సంగతంత ఉన్నప్పుడే. చిన్నదానికి ఎవరూ ఎవర్నీ అడుగు అంతస్తుకి పంపరు."

ఆ నెలాఖరున ఆవిడ రాజీనామా చేశారు. మేము పెట్టుకున్న వీడ్కోలు భోజనానికి రాలేదు, ఆవిడ వాటా అన్నం ఝాన్సీ చాలాసేపు కదిలించకుండా ఉంచింది. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక హాస్టలు బళ్ళో ఆరోగ్యం చూసుకుంటున్నారు. పిల్లల మోకాళ్ళకి మందు రాయడం, జ్వరాలు చూడటం. "మోకాళ్ళకి క్యాన్యులాలు అక్కర్లేదు," అన్నారు ఒకసారి. అక్కడి నుంచి విజయవాడ ఎంతో దూరం కాదు. ఆవిడ మళ్ళీ రాలేదు. వస్తానన్నా నన్ను రమ్మనలేదు. ఫోను చేస్తే, మోగి మోగి ఆగిపోయే రోజులే ఎక్కువ.

ఆవిడ చీల్చిన నరం నా ఎడమ ముంజేతిలో గట్టిపడి, సన్నని తీగలా ఉండిపోయింది. వైద్యపరంగా దానికి ప్రాముఖ్యం లేదు. రక్తం పక్క దారులు వెతుక్కుంటుంది. ఏడాదికొకసారి సిబ్బందికి రక్తపరీక్షలు చేస్తారు. గతసారి ఝాన్సీ నా చేతికి పట్టీ కట్టి, అక్కడ వేలు పెట్టి, "ఇదేంటే, ఎవరు చేశారిట్టా?" అంది. చెప్పాను. ఝాన్సీ ఏ హాస్యమూ ఆడలేదు. పట్టీ విప్పి, కుడి చేతికి కట్టింది.

ఆవిడ చెప్పినది చెయ్యడం నేను అనుకున్నంత సులువు కాలేదు. మొదటి రోజు షిఫ్టు ముందు నిలబడి, ఎవరూ అడక్కుండానే "ముందు నా సంగతి" అన్నప్పుడు చెవులు వేడెక్కాయి. మోకాలు నొప్పిగా ఉందన్నాను, అంతే. చాలాకాలం అలాంటివే చెప్పాను. చెప్పకుండా మింగిన రోజులూ ఉన్నాయి. అయినా ఆ మాట రోజూ అనడం మానలేదు. అనగా అనగా, ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు ఇంట్లో గొడవన్నారు, ఇంకొకరు నిద్ర లేదన్నారు. ఝాన్సీ ఇప్పటికీ అత్తగారి ఆరోగ్యం గురించే చెబుతుంది, మధ్యలో ఎప్పుడైనా నిజం చెబుతుంది.

పోయిన నెల హైవే మీద బస్సు ప్రమాదం జరిగి, మా విభాగం మళ్ళీ వరండాల దాకా నిండింది. ఆ రోజు పనంతా సరిగానే చేశాను. మర్నాడు ఉదయం గ్లౌజు తొడుక్కుంటుంటే గుండె దడదడలాడింది. చెయ్యి వణకలేదు. వణుకుతుందేమో అని మాత్రం చూసుకున్నాను. వరండాలోకి వెళ్ళి, ఆఖరి మంచం అయ్యాక, ఆ మాటలే చెప్పాను: గ్లౌజు తొడిగితే దడ వస్తోంది, చెయ్యి స్థిరంగానే ఉంది, ఈ వారం కొత్తగా వచ్చే గాయాల రోగుల దగ్గర నన్ను ఒక్కదాన్నే వదలొద్దు. అక్కడ మేట్రన్ మేడమ్ కూడా ఉన్నారు. ప్రమాదం వల్ల ఆ రోజు ఆవిడే స్వయంగా కిందికి వచ్చారు. ఆవిడ నా వైపు చూశారు, ఒక్క క్షణం ఎక్కువే చూశారు.

"పక్కన ఎవరుంటారు?" అని అడిగారు.

"నేనుంటా మేడమ్," అంది ఝాన్సీ.

"సరే," అని మేడమ్ తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం హనుమాన్ జంక్షన్‌కి ఫోను చేశాను. ఆ రోజు ఎత్తారు. జరిగింది జరిగినట్టు, వరస తప్పకుండా ఒప్పజెప్పాను. అవతల పిల్లల గోల వినపడుతోంది.

"మేడమ్ ఉండగానే చెప్పావా?"

"ఉండగానే సిస్టర్."

"నిన్ను ఎక్కడికీ పంపలేదా?"

"పంపలేదు సిస్టర్. ఇక్కడే ఉన్నా."

ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "సరే పిల్లా, ఇక్కడ పిల్లలు నాకోసం మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డారు," అని ఫోను పెట్టేశారు.